పొద్దున్నే ఫినాలే చూసేసినోళ్లకి ఒక బహిరంగ లేఖ: గురువారం దాకా ఆగండి

వైజాగ్‌లో సిరీస్‌లకి రివ్యూలు పెట్టే అన్నలకి, అక్కలకి, మీమ్ పేజీలు నడిపే అడ్మిన్లకి, పొద్దున ఆరున్నరకి ఎపిసోడ్ మొదలెట్టి ఏడున్నరకల్లా స్టేటస్ పెట్టేసే తమ్ముళ్లకి,

నమస్కారం. మీ రివ్యూలు నేను చూస్తాను, కొన్ని నిజంగా బాగుంటాయి, మీరు చెప్పబట్టే మొదలెట్టిన సిరీస్‌లు కూడా ఉన్నాయి. పొగడ్తలు ఇక్కడితో ఆపేస్తాను, విషయం చాలా ఉంది.

ముందే ఒక మాట. ఈ లేఖ ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో సీజన్ ఫినాలే, అంటే చివరి ఎపిసోడ్ గురించి. తెలీనోళ్లకి, అది ఒక వీడియో గేమ్ కథని తీసుకుని తీసిన అమెరికా సిరీస్. ఇంకా చూడనోళ్లు భయపడక్కర్లేదు, కథ అంతా నాలుగో పాయింట్‌లోనే పెట్టాను, అది వదిలేసి ఐదుకి వెళ్లిపోండి, మిగతా ఎక్కడా ఎవరు ఉన్నారో ఎవరు పోయారో చెప్పలేదు. చూశారా, ఇంతే పని. ఒక్క లైను రాయడానికి నాకు పది సెకన్లు పట్టింది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. గాజువాకలో ఉంటాను. ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో పని, పొద్దున ఆరింటికి స్కూటీ తీసి ఇళ్లకెళ్లి బ్లడ్ శాంపిల్స్ తీసుకొస్తాను. ఫాస్టింగ్ టెస్టులన్నీ టిఫిన్‌కి ముందే అవ్వాలి, అందులోనూ సోమవారం రద్దీ మామూలుగా ఉండదు, ఆదివారం బిర్యానీ లాగించేసి సోమవారం షుగర్ చూపించుకునే బాబాయిలు ఈ ఊళ్లో ఎంతమందో మీకు తెలీదు, నాకు తెలుసు.

1. అసలు గొడవంతా టైం దగ్గరుంది.

హెచ్‌బీఓ అనే అమెరికా చానెల్ వాళ్లు ఈ సిరీస్ వేసేది అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదింటికి. వాళ్లకది భోజనాలయ్యాక సోఫాలో కూర్చునే టైం. మనకది సోమవారం పొద్దున 6:30, వాళ్ల చలికాలంలో అయితే 7:30. అంటే వాళ్లు సెలవు రోజు చివర్లో చూస్తారు, మనకేమో వారమంతటిలోనూ ఊపిరాడని గంటలో ఊడిపడుతుంది, పిల్లల క్యారేజీలు, నీళ్లు పట్టుకోవడం, కంపెనీ బస్సు, అన్నీ ఆ గంటలోనే.

మొదటి సీజన్‌లో ఈ బాధ తెలీలేదు. ఎందుకంటే అప్పుడు అదృష్టం మనవైపు ఉంది. మొదటి ఎపిసోడ్ మనకి 2023 జనవరి 16న వచ్చింది, అది కనుమ, ఊరంతా సెలవు, ఇంట్లో ఒక పక్క నాటుకోడి ఉడుకుతుంటే ఇంకో పక్క మేం టీవీ ముందు కూర్చున్నాం. ఫినాలే వచ్చింది 2023 మార్చి 13 సోమవారం. ఆ పొద్దున ఏం జరిగిందో తెలుగోళ్లకి గుర్తుచెయ్యక్కర్లేదు, నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన పొద్దున అది. ఆస్కార్‌కి ఎదురుగా వేసినా సరే ఆ ఫినాలేని అమెరికాలో ఆ రాత్రే 82 లక్షల మంది చూశారట, మొదటి ఎపిసోడ్‌కేమో 47 లక్షలు. మన దగ్గర మాత్రం ఎవరి ఫోన్ తీసినా కీరవాణి గారు, చంద్రబోస్ గారే. మీమ్ పేజీలన్నీ స్టెప్పులేసుకునే పనిలో ఉన్నాయి. కథ ముందే చెప్పేసే స్పాయిలర్ ఒక్కటి కూడా నా కంట పడలేదు, రాత్రి పదింటికి ప్రశాంతంగా చూసుకున్నాం. ప్రతి ఫినాలేకీ మనకో ఆస్కార్ వచ్చి కాపాడదు కదా.

2. మేం చెప్పకుండా నేరుగా లేఖ రాసేశామని అనుకోకండి.

2025 ఏప్రిల్ 21, సోమవారం, రెండో సీజన్ రెండో ఎపిసోడ్. నేను కూర్మన్నపాలెంలో ఒక పెద్దాయన ఇంట్లో ఉన్నాను, శాంపిల్ తీసేసి ట్యూబ్ మీద పేరు రాస్తుంటే ఫోన్ మోగింది, తరవాత ఇల్లు ఎవరిదో చూద్దామని తీస్తే పైనే ఒక ఫోటో, ఒక పాత్ర ఫోటోకి బంతిపూల దండేసి, కింద దీపం పెట్టి, ‘ఓం శాంతి’ అని రాసి. టైం 7:20. అంటే ఎపిసోడ్ పూర్తిగా అయ్యిందో లేదో కూడా డౌటే. పెద్దాయన ‘ఏటమ్మా, ఎవరైనా పోయారా’ అని అడిగారు. ఏం చెప్పను? పోయారు తాతగారూ, కానీ నేనింకా చూడలేదు అని చెప్పనా?

ఆ రోజే మీలో ముగ్గురికి మెసేజ్ పెట్టాను, మర్యాదగానే. ఒకరు దండం బొమ్మ పంపి ఊరుకున్నారు. ఒకరు ‘అక్కా మొదటి గంటలో పెట్టకపోతే వ్యూస్ రావు, మా చేతిలో లేదు’ అన్నారు. మూడో ఆయన బ్లాక్ చేశారు. ఆ తరవాత ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో మీలో కొందరిని కలిశాం, ముంత మసాలా తింటూ అరగంట మాట్లాడాం, ఫినాలేకి మాత్రం ఇలా చెయ్యం అని మాటిచ్చారు. మాటిచ్చినోళ్లు నవ్వుతూనే ఇచ్చారు, అప్పుడే అనుమానపడాల్సింది.

మే 26 సోమవారం, ఫినాలే రోజు, ఈసారి నేను తెలివిగా ఫోన్ డేటా ఆఫ్ చేశాను. కానీ నా పనికి లొకేషన్ కావాలి, మ్యాప్ కావాలి, ఏడుంపావుకి ఆన్ చెయ్యక తప్పలేదు. 7:31కి మళ్లీ దండ. ఇంకో ఫోటో. ఈసారి వీడియో పేరులోనే చివరి సీన్ రాసేశారు. స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి, పేర్లు బయటపెట్టను, పరువు తియ్యడం కోసం రాస్తున్నది కాదిది.

3. దీనివల్ల ఎవరికి నష్టం అంటే చెప్తాను.

మా తమ్ముడు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని చేస్తాడు. సి షిఫ్ట్ అయితే రాత్రంతా డ్యూటీ, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటాడు, మధ్యాహ్నం లేచి ఫోన్ తీస్తే అయిపోయింది, వాడికి ఎపిసోడ్ కన్నా ముందు మీమ్ వస్తుంది. మా ఎదురింటి అమ్మాయి నర్సు, డ్యూటీలో పన్నెండు గంటలు ఫోన్ ముట్టుకోదు, డ్యూటీ దిగి బస్టాప్‌లో నిలబడి తీసిందంటే మొదట కనపడేది మీ స్టేటస్. బైక్ ట్యాక్సీ నడిపే ఒక తమ్ముడున్నాడు, మద్దిలపాలెంలో బుకింగ్ వచ్చే లోపు పావుగంట పావుగంట చొప్పున రోజంతా ఒక ఎపిసోడ్ చూస్తాడు, చూస్తూ ఉండగా మధ్యలో పైనుంచి నోటిఫికేషన్ జారిపడుతుంది. కోచింగ్ హాస్టల్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ ఇచ్చేది ఆదివారమే. వాడి కోసం ఆరు రోజులు ఆగమంటే అది న్యాయం కాదు, నాకే తెలుసు, వాడిని వదిలేద్దాం పాపం.

అందరికన్నా పెద్ద ఫ్యాన్ మా నాన్న. పోర్టులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఇంగ్లీష్ గబగబా మాట్లాడితే అర్థం కాదు, మా తమ్ముడు ఆపి ఆపి చెప్తుంటాడు, యాభై నిమిషాల ఎపిసోడ్ మా ఇంట్లో గంటన్నర నడుస్తుంది. అందులో ఫంగస్ పట్టిన మనుషులుంటారు, క్లిక్కర్లు, వాళ్లని ఆయన ‘పుట్టగొడుగు దెయ్యాలు’ అంటారు, నిజం చెప్పాలంటే అంతకన్నా సరైన పేరు లేదు, చీమల్ని పట్టే కార్డిసెప్స్ అనే ఫంగస్ మనుషుల్ని పడితే ఎలా ఉంటుంది అన్నదే కదా కథంతా. కానీ నాన్నకి దెయ్యాల మీద పెద్ద ఆసక్తి లేదు. కథలో ఉండే జాక్సన్ ఊళ్లో గోడ లోపల జనం వంట ఎలా చేసుకుంటున్నారు, కాపలా ఎవరు కాస్తున్నారు, కరెంట్ ఎక్కడి నుంచి వస్తోంది, ఇవే అడుగుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో ఉన్నోళ్లందరికీ తెలుసు ఆ ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయో. కరెంట్ లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్‌కి లైను, పెట్రోల్ బంకు దగ్గర లైను. మా వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలిగితే అక్కడే అందరం తిన్నాం. నాన్న ఈ సిరీస్ చూస్తున్నప్పుడల్లా ఆ రోజులు చెప్తారు, చెప్పిందే చెప్తారు, మేం వింటాం.

అలాంటి మనిషికి కూడా ఫినాలే రోజు మధ్యాహ్నం పాలబూత్ దగ్గర ఒక కుర్రాడు ఫోన్ చూపించి ‘తాతా మీరు చూసే సిరీస్‌లో ఇలా అయ్యిందట’ అని మీ వీడియో చూపించాడు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. రాత్రి మాతో పాటు కూర్చున్నారు కానీ ఆ సీన్ రాకముందే లేచి నీళ్లు తాగడానికెళ్లారు. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం అది, మిగతావన్నీ తరవాత గుర్తొచ్చినవి.

ఇంకోటి. మేం మొత్తం తొమ్మిది మందిమి, ప్రతి సోమవారం రాత్రి పదింటికి మా మేడ మీద గదిలో చూస్తాం. రాగానే ఫోన్లన్నీ ఒక స్టీల్ గిన్నెలో పడెయ్యాలి, అదీ రూలు. ఫినాలే రోజు గిన్నె నిండింది కానీ తొమ్మిది మందిలో ఆరుగురికి ఎండింగ్ ముందే తెలుసు. తెలిసినోళ్లు తెలీనట్టు నటించడం, తెలీనోళ్లు వీళ్ల మొహాలు చూసి కనిపెట్టెయ్యడం, ఆ గంట చూడాలి మీరు, ఎపిసోడ్ కన్నా అదే పెద్ద డ్రామా.

4. ఇక్కడి నుంచి కథ ఉంది. చూడనోళ్లు ఐదుకి వెళ్లిపోండి, మళ్లీ చెప్తున్నా.

మీరు చేసిన పని ఎందుకు తప్పో చెప్పాలంటే ఫినాలే లోపలికి వెళ్లాలి. మీరు దండేసిన ఫోటో జెస్సీది, పగ తీర్చుకోడానికి సియాటిల్ వచ్చిన హీరోయిన్ ఎల్లీకి స్నేహితుడు. ఆ సీన్ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. థియేటర్‌లో చప్పుడవుతుంది, ఎల్లీ జెస్సీ పరిగెడతారు, తలుపు తోసుకుని వస్తారు, ఒక్క బుల్లెట్, మనిషి లేడు. మ్యూజిక్ లేదు, ఆఖరి మాట లేదు, ఒళ్లో తల పెట్టుకుని ఏడవడం లేదు. కెమెరా కూడా ఆగదు. మనం ‘ఏంటి, ఏమైంది’ అనుకునేలోపు, ఎల్లీ ఎవరి కోసం వెతుకుతోందో ఆ అబీ తుపాకీ ఇంకొకరి వైపు తిరిగిపోయింది. నేను ఇళ్లిళ్లకీ తిరుగుతాను కదా, యాక్సిడెంట్‌లో మనిషి పోయిన ఇళ్లు చూశాను, వాళ్లందరూ ఒకటే చెప్తారు, ‘ఇప్పుడే వస్తానని వెళ్లాడమ్మా’ అని. ఆ సీన్ తీసినోళ్లు ఆ మాటని చూపించారు. అది తెలీకుండా తగలాలి. ముందే తెలిస్తే అందులో ఇంకేం మిగిలింది, తలుపెప్పుడు తీస్తారా అని ఎదురుచూడ్డం తప్ప.

రెండో ఎపిసోడ్‌లో, ఎల్లీని కూతురిలా చూసుకున్న జోయెల్‌ని అబీ చంపే విషయం వేరు. అక్కడ గంటసేపు మెల్లగా ఉచ్చు బిగిస్తారు, ముందే తెలిసినా గుండె పిండేస్తుంది, ఒప్పుకుంటాను. జెస్సీ చావుకి ఆ అవకాశం లేదు, అది ఒక్క సెకను, ఆ సెకనుని మీరు పొద్దున 7:31కి పంచేశారు.

ఇంకా బాధేంటంటే మీ అందరి హడావుడిలో అక్వేరియం సీన్ గురించి ఒక్కరు మాట్లాడలేదు. నా లెక్కలో ఫినాలే అంటే అదే. ఎల్లీ అబీ కోసం వెతుక్కుంటూ వెళ్లి అబీ స్నేహితుడు ఓవెన్‌ని కాలుస్తుంది, అదే బుల్లెట్ వెళ్లి పక్కనున్న మెల్ అనే ఆమెకి తగులుతుంది, అప్పుడు తెలుస్తుంది ఆమె నిండు గర్భిణి అని. ఆమె తన ప్రాణం అడగదు, బిడ్డని బయటికి తియ్యమని అడుగుతుంది, ఎలా కొయ్యాలో చెప్తుంది, ఎల్లీకి చేతకాదు. చేతిలో కత్తి ఉంది, నెలల తరబడి మోసుకొచ్చిన పగ ఉంది, చెయ్యాల్సిన ఒక్క పని మాత్రం రాదు. నాకు రోజూ సూది పట్టుకునే పని కాబట్టేమో ఆ చేతులు వణకడం నేను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. మీ వీడియోల్లో ఇది ‘ఇద్దరు అవుట్’ అని స్కోర్‌బోర్డులో వేశారు. మొదటి సీజన్ చివర జోయెల్ హాస్పిటల్లో అంతమందిని చంపి ఎల్లీకి చెప్పిన ఒక్క అబద్ధం, దానికి వడ్డీ ఈ సీజన్ అంతా కడుతూనే ఉన్నారు, అసలు ఇంకా అలాగే ఉంది. ఇలాంటి విషయం మాట్లాడుకోడానికి కదా ఫ్యాన్స్ అనేది.

ఇక నల్ల స్క్రీన్. తుపాకీ పేలుతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, మళ్లీ వెలుతురొచ్చేసరికి అబీ నిద్ర లేస్తుంది, సియాటిల్ మొదటి రోజు అని పడుతుంది. మా మేడ మీద సగం మంది ‘మోసం’ అని అరిచారు. ఒకడు ది వాకింగ్ డెడ్ అనే ఇంకో సిరీస్ గుర్తుచేశాడు, 2016 ఏప్రిల్ 3న ఆరో సీజన్ ఫినాలేలో నీగన్ అనే విలన్ బ్యాట్ ఎత్తి కొట్టాడు, ఎవరిని కొట్టాడో చూపించకుండా అక్టోబర్ 23 దాకా కూర్చోబెట్టారు, ఇదీ అంతే అన్నాడు. నేను ఒప్పుకోను. అక్కడ పేరు దాచింది మనల్ని మళ్లీ రప్పించుకోడానికి. ఇక్కడ ఆపింది వైపు మార్చడానికి, గేమ్ ఆడినోళ్లకి తెలుసు, 2020లో వచ్చిన రెండో గేమ్‌లో కూడా సరిగ్గా థియేటర్ దగ్గరే ఆపి కథని అబీ చేతిలో పెడతారు. మనం ఇన్నాళ్లూ ఎవర్ని తిట్టుకున్నామో ఆ మనిషి కళ్లతో అవే మూడు రోజులు మళ్లీ చూడాలి. అది మోసం కాదు, అది పరీక్ష.

అలాగని అంతా బాగుందని కాదు. మొదటి సీజన్ 9 ఎపిసోడ్లు, ఇది 7, ఆ తేడా ఫినాలేలో కనపడిపోయింది. ఎల్లీ పడవ బోల్తాపడి దీవికి కొట్టుకుపోవడం, అక్కడ వాళ్లు ఉరి తియ్యబోవడం, ఏదో కొమ్ము ఊదగానే వదిలేసి వెళ్లిపోవడం, ఇదంతా దేనికి పెట్టారో నాకు అర్థం కాలేదు, నాన్నకి ఎలా చెప్పాలో మా తమ్ముడికీ అర్థం కాలేదు. దీని మీద మీరెవరైనా వీడియో చేస్తే నేను రెండుసార్లు చూసేదాన్ని. చెయ్యలేదు.

5. మీరు చెప్పే సమాధానాలు నాకు తెలుసు, వాటికీ జవాబు చెప్పేస్తాను.

బీచ్‌లో ఒక అన్న అడిగారు, రామాయణం కథ తెలీకుండా ఎవరైనా హరికథకి వెళ్తారా, తెలిసినా ఏడవట్లేదా అని. మంచి మాటే, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లాక ఆలోచిస్తే తట్టింది. హరిదాసు కథ తెలిసినోళ్ల కోసమే కట్టుకొస్తాడు, పాటలో, ఆటలో, మధ్యలో వేసే పిట్టకథలో ఉంది మజా. ఈ ఫినాలే రాసినోళ్లు తెలీనోళ్ల కోసం కట్టారు. పైగా తెలుసుకుని చూడాలా తెలీకుండా చూడాలా అన్నది చూసేవాడి ఇష్టం, వాడి తరఫున మీరు నిర్ణయించేశారు, గొడవ అదీ.

ఇంకో తమ్ముడు క్రికెట్ స్కోర్ చెప్తే ఏమీ అనరు కదా అన్నాడు. మ్యాచ్ అందరికీ ఒకేసారి రాత్రి ఏడున్నరకి వస్తుంది తమ్ముడూ, ఆ టైంలో పనిలో ఉన్నోడు కూడా పక్క షాపు టీవీలో చూస్తాడు. దీన్ని క్రికెట్‌తో కాదు, బెనిఫిట్ షోతో పోల్చు. తెల్లవారుజామున హీరో సినిమా చూసి బయటికొచ్చినోడు జగదాంబ దగ్గర లైన్లో నిలబడ్డ జనానికి క్లైమాక్స్ మైకులో చెప్పాడనుకో, ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, ఆ అబ్బాయి చొక్కా కూడా మిగలదు.

వ్యూస్ మాట అన్నారు, అది నేను తేలిగ్గా తీసిపారెయ్యను. మీకూ కడుపులున్నాయి. కొందరు ఉద్యోగం మానేసి ఇదే చేస్తున్నారని తెలుసు. అందుకే వీడియో పెట్టొద్దు అనట్లేదు, పొద్దున ఏడింటికే పెట్టుకోండి. బయట కనపడే బొమ్మ, పేరు, ఈ రెండూ మార్చమంటున్నాం. లోపల మీ ఇష్టం, లోపలికి వచ్చినోడు తెలిసే వస్తాడు.

గేమ్ ఆడినోళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి ఇక్కడ. రెండో గేమ్ 2020 జూన్ 19న వచ్చింది, అంతకుముందే ఏప్రిల్‌లో కథంతా లీకైపోయింది. అంటే ఈ సీజన్‌లో ఏం జరగబోతోందో వాళ్లకి ఐదేళ్లుగా తెలుసు. మా మేడ మీద గదిలో అలాంటోళ్లు ఇద్దరున్నారు. మొదటి సీజన్ అంతా మేం మురిసిపోతుంటే వాళ్లు పకోడీలు తింటూ గోడ వైపు చూశారు. ఐదేళ్లు నోరు కట్టుకున్నారు ఆ పిల్లలు. మీకు ఐదు గంటలు కష్టమైపోయిందా?

మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లో టెస్ అనే ఆవిడ ఒక మాట చెప్తుంది గుర్తుందా, ఆ ఫంగస్ నేల కింద తీగల్లాగా అల్లుకుని ఉంటుంది, ఇక్కడ ఒకదాని మీద కాలేస్తే ఎక్కడో దూరంగా ఉన్న గుంపు లేచి పరిగెత్తుకొస్తుందని. మీ ఒక్క పోస్టు పెందుర్తిలో స్టేటస్ అయ్యి, సిరిపురంలో స్క్రీన్‌షాట్ అయ్యి, మా వీధి పాలబూత్ దాకా అలాగే వచ్చింది.

6. అడుగుతున్నవి ఇవి.

ఒకటి, ఎపిసోడ్ వచ్చిన దగ్గర్నుంచి మూడు రోజులు, అంటే సోమవారం పొద్దున నుంచి గురువారం పొద్దున 6:30 దాకా, కవర్ బొమ్మ మీద, వీడియో పేరులో, స్టేటస్‌లో ఎవరు పోయారన్నది ఉండకూడదు. ‘ఎవరు పోయారో తెలుసా’ అన్న ప్రశ్న కూడా వద్దు, అందులోనే సగం జవాబు ఉంది.

రెండు, దండలు, దీపాలు, ‘ఓం శాంతి’ బంద్. మూడు రోజులకే కాదు, పూర్తిగా బంద్ చేస్తే ఇంకా సంతోషం. మీరు సరదాకే చేస్తారు, కానీ నిజంగా ఇంట్లో దండ వేసిన ఫోటో ఉన్నోళ్లు పొద్దున్నే ఫోన్ తీసి ఉలిక్కిపడతారు, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మర్చిపోవద్దు.

మూడు, వీడియో మొదట్లో కథ చెప్పబోతున్నామని ఒక్క ముక్క చెప్పి ఐదు సెకన్లు ఆగండి. వెళ్లిపోయేవాడికి వెళ్లిపోయే టైం ఇవ్వాలి. ‘స్పాయిలర్ అలర్ట్’ అంటూనే అదే ఊపిరిలో పేరు చెప్పేసే అన్న ఒకరున్నారు, ఆయనకి తెలుసు నేను ఎవరి గురించి అంటున్నానో.

నాలుగు, కామెంట్లు. మీరు రాయకపోయినా కింద ఎవడో ఒకడు రాస్తాడు. మూడు రోజులు కాస్త కనిపెట్టుకుని తీసెయ్యండి. పని పెరుగుతుంది, తెలుసు. కావాలంటే మా తొమ్మిది మందిలో ఇద్దరం వచ్చి సాయం చేస్తాం, ఎండింగ్ తెలిసినోళ్లనే పంపిస్తాం.

మా వైపు నుంచి కూడా ఇచ్చేది ఉంది. ఈ మాట నిలబెట్టుకున్న చానెల్ వీడియో గురువారం పొద్దున మేం తొమ్మిది మందిమీ చూస్తాం, చివరిదాకా, మధ్యలో తోసుకుంటూ పోకుండా, మా ఇళ్లల్లో వాళ్ల ఫోన్లతో సహా. నిలబెట్టుకోనోళ్లని గొడవ చెయ్యం, తిట్టం, మూకుమ్మడిగా రిపోర్ట్ కొట్టం, ఊరికే చూడ్డం మానేస్తాం, ఎవరెవరిని మానేశామో బీచ్‌లో అడిగినోళ్లకి చెప్తాం.

రెండో సీజన్ మొదలవ్వకముందే మూడో సీజన్ ఖాయం చేసేశారు, కాబట్టి ఇది మళ్లీ వస్తుంది, మళ్లీ సోమవారమే వస్తుంది. అప్పటిదాకా టైం ఉంది కాబట్టి ఇప్పుడే తేల్చుకుందాం. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదున్నరకి ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ఎదురుగా ఇసకలో ఉంటాం. బ్లాక్ చేసిన అన్న కూడా రావచ్చు. ముంత మసాలా ఈసారి కూడా మేమే పెట్టిస్తాం. మా నాన్న వస్తారు, హుద్‌హుద్ గురించి చెప్తారు, కాస్త ఓపిగ్గా వినండి.

ఒక్కటే షరతు. కోచింగ్ హాస్టల్ నుంచి మా పిన్ని కొడుకు కూడా వస్తున్నాడు, వాడింకా ఫినాలే చూడలేదు. ఏడింటికి వాడిని హాస్టల్‌లో దింపేసి వస్తాను, అప్పటిదాకా ఎవరూ దాని మాటెత్తొద్దు.

ఇట్లు,
గాజువాక నుంచి, మా వీధి పిల్లలు సూదక్క అని పిలిచే మనిషి